ఎక్స్‌పీరియన్స్ ఎవరిస్తారు?

పేరుకి ఎంట్రీ లెవెల్ జాబ్. కింద చూస్తే రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ కావాలట! ఇది హెచ్ఆర్ వాళ్ల తిక్క అనుకోకండి. ఎకనామిక్స్‌లో దీన్ని మార్కెట్ వైఫల్యం అంటారు.

లెక్క సింపుల్. ఒక కంపెనీ ఫ్రెషర్‌ని తీసుకుని ఆరు నెలలు పని నేర్పిస్తుంది. నేర్చుకున్నాక పక్క కంపెనీ ఎక్కువ ప్యాకేజీ ఇచ్చి ఎగరేసుకుపోతుంది. ఖర్చు ఒకరిది, లాభం ఇంకొకరిది. అందుకే నేర్పే పని పక్కవాడు చేస్తాడులే అని అందరూ చూస్తుంటారు. ఎవరి లెక్క వాళ్లకి కరెక్టే. మొత్తంగా చూస్తే మాత్రం ఒకవైపు ఖాళీ సీట్లు, ఇంకోవైపు ఖాళీగా ఇంజినీర్లు.

ఈ సందులోనే ఫేక్ ఎక్స్‌పీరియన్స్ దందా పుట్టింది. దాంతో నిజంగా పని వచ్చినవాళ్ల రెజ్యూమెని కూడా అనుమానంగా చూస్తున్నారు.

మందు లేక కాదు. జర్మనీలో కుర్రాళ్లు కొన్ని రోజులు కంపెనీలో, కొన్ని రోజులు వొకేషనల్ స్కూల్లో నేర్చుకుంటారు. చేతికి డబ్బులూ వస్తాయి. మనకూ 1961 నుంచి అప్రెంటిస్ చట్టం ఉంది. స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు 1,500 రూపాయల దాకా కేంద్రమే భరించేలా 2016లో స్కీమ్ కూడా పెట్టారు. నేర్పే ఖర్చు పంచుకుంటేనే నేర్పేవాళ్లు ముందుకొస్తారు మరి.

ఈసారి ఎవరైనా "నీకు స్కిల్స్ లేవు" అంటే ఒక్కటే అడగండి: నేర్పేది ఎవరు?