బీరువాకెందుకమ్మా వెండికంచం?

మనిళ్ళల్లో వెండికంచానికి ఉన్న విశ్రాంతి ఇల్లాలికి లేదు. అల్లుడొస్తే బయటికొస్తుంది, పండక్కి తోమించుకుంటుంది, మళ్ళీ బీరువాలో పడుకుంటుంది. చెంచాలదీ అదే భోగం. "రోజూ వాడితే పాడైపోవూ?" అంటారు. నేనొప్పుకోను.

వెండిని నల్లబరిచేది వాడకం కాదు, గాలిలోని గంధకపు ఆవిర్లు. వాడి, సబ్బునీళ్ళతో కడిగి, వెంటనే తుడిచే చెంచా మెరుస్తూనే ఉంటుంది. రబ్బరుబ్యాండు వేసి దాచిన చెంచాలకే నల్లచారలు పడతాయి. రబ్బరులోనూ గంధకముంది మరి! పండగనాడు బూడిదతో బరబరా తోమితే నలుపుతోపాటు వెండీ అరుగుతుంది. గిన్నె అడుగున అల్యూమినియం రేకు పరిచి, వంటసోడా కలిపిన వేణ్ణీళ్ళు పోసి, వెండి ఆ రేకుకు తగిలేలా ముంచండి. నలుపు విరుగుతుంది.

కొనేటప్పుడు మొహమాటపడకండి. మేలిమి వెండి మెత్తన, తేలిగ్గా వంగుతుంది. చెంచాలకు 925 నయం. అంటే వెయ్యి పాళ్ళలో 925 వెండి, మిగతాది సాధారణంగా రాగి. హాల్‌మార్కు ఉందా అని అడగండి. 2025 సెప్టెంబరు 1 నుంచి దాంతో ఆరు స్థానాల గుర్తింపు సంకేతమూ వేస్తున్నారు.

అసలు సంగతి వేరు. పుట్టింటివాళ్ళు ఆ కంచం ఇచ్చింది మనం తినడానికి. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది ఊడ్చుకు తినే ఇల్లాలికి వెండికంచం తగదని ఏ శాస్త్రం చెప్పింది? రేపు మధ్యాహ్నం మీరొక్కరే భోంచేసేటప్పుడు దాన్ని తీయండి. ఏ అల్లుడి కోసమూ ఆగక్కర్లేదు.