తూటా మొదట, తుపాకి తరువాత

2024 ఏప్రిలులో భారతసైన్యపు ఉత్తర కమాండువారు 550 'అస్మి' తుపాకులు కావలెనని హైదరాబాదులోని లోకేష్ మెషీన్సు కంపెనీకి ఆర్డరు పంపినప్పుడు మన పత్రికలలో హర్షధ్వానములు చెలరేగెను. చెలరేగవలసినదే. లెఫ్టినెంటు కర్నల్ ప్రసాద్ బన్సోడ్‌గారు పూనా పరిశోధనశాలవారితో గూడి నాలుగు నెలలలో రూపొందించిన వస్తువది. ఒక్కొక్కటి 50 వేల రూపాయల లోపుననే తయారగునని 2021లో ప్రభుత్వము ప్రకటించినది. పరదేశముల వాకిళ్లకడ ఏండ్లతరబడి చేయిచాచి నిలిచిన దేశమునకు ఇది చిన్నసంగతి గాదు. కాని యీ కోలాహలములో ఒక్క ప్రశ్న యడిగినవారు మాకు కానరాలేదు. ఈ తుపాకి ఏ తూటాను పేల్చును?

పేల్చునది 9 మిల్లీమీటరుల పిస్తోలు తూటా. 1902లో గియోర్గ్ లూగర్ రూపొందించిన తూటాయే యిది. మన పోలీసుల చేతులలో నేటికిని కానవచ్చు స్టెర్లింగు కార్బైను పేల్చునదియు నిదియే. బ్రిటిషుసైన్యము 1953లో స్వీకరించిన యా తుపాకిని 1963 మొదలు కాన్పూరులో మనము చేసికొంటిమి. అంతకు ముందున్న స్టెన్‌గన్ను పేల్చినదియు నిదియే. తుపాకి మూడు తరములు మాఱినది. తూటా మాత్రము మాఱలేదు. మేనమామ చొక్కాను మేనల్లునికి దొడిగి, పండుగకు క్రొత్తబట్టలు పెట్టితిమని చెప్పుకొనుట వంటిది గదా యిది!

తుపాకి యనగా గుండును నెట్టు గొట్టము. నెట్టు శక్తి తూటాలోని మందుది. 9 మిల్లీమీటరుల తూటాలో మందు స్వల్పము. పొట్టి పిస్తోలుగొట్టము దాటునప్పటికే దాని పని చాలవఱకు ముగియును. గొట్టము నెంత పొడిగించినను వేగము కొలదిగనే హెచ్చును. ఎనిమిది గ్రాముల యా గుండు మోసికొనిపోవు శక్తి సుమారు 600 జూళ్లు. సైనికుని 5.56 మిల్లీమీటరుల రైఫిలుగుండు బరువున దానిలో సగమే యైనను, పూర్తి పొడవు గొట్టమునుండి సుమారు 1,700 జూళ్ల శక్తితో వెడలును. 9 మిల్లీమీటరుల గుండు నాపగల మెత్తని కవచములు నేడు లోకమున సులభముగ దొరకుచున్నవి. కవచము దొడిగిన దుండగుని యెదుట ఆ తూటాగల కార్బైను ఎంత యందముగ నున్నను నేమి ప్రయోజనము?

పిస్తోలు తూటాను కార్బైనులో పేల్చుట యనునదియే తప్పని మేము చెప్పుట లేదు. అమెరికా పశ్చిమసీమలో 1873 నాటి వించెస్టరు కార్బైనుకును, నడుమునకు గట్టుకొను రివాల్వరుకును ఒకే తూటా సరిపోవుట పశుపాలకునకు గొప్ప సౌకర్యమై యుండెను. 1935లో వెలువడిన .357 మాగ్నం తూటా ఈ యుపాయమునకు మఱింత బలము చేకూర్చినది. ఆ తూటాలో మందు దండిగ నుండుటచే, నాలుగంగుళముల రివాల్వరునుండి సెకనుకు సుమారు 380 మీటరుల వేగమున పోవు గుండు, కార్బైను పొడవు గొట్టమునుండి 540 మీటరుల వేగము నందుకొనగలదు. శక్తి యించుమించు రెట్టింపగును. గొట్టము పొడిగించిన ఫలితము దక్కించుకొనవలె నన్న తూటాలో సత్తువ యుండవలయు నని యక్కడి వేటగానికిని దెలియును. మన కొనుగోలు సంఘములకు దెలియదా?

ఈ సంఘముల చరిత్ర కొంచెము చెప్పవలసియున్నది. సైన్యమునకు 44 వేలకు పైబడిన కార్బైనులు కొనుటకు 2010 ప్రాంతమున దలపెట్టిన టెండరు ఏండ్లతరబడి నడచి యేమియు తేలక రద్దయ్యెను. 2018లో అరబ్బు ఎమిరేటుల కారకాల్ కంపెనీనుండి 93,895 కార్బైనులను త్వరితమార్గమున దెప్పింతుమనిరి. ఆ త్వరితమార్గము 2020లో రద్దుతో ముగిసెను. కడకు 2025 డిసెంబరులో 4 లక్షల 25 వేలకు పైబడిన కార్బైనులకు స్వదేశపు కంపెనీలతో ఒడంబడిక కుదిరినది. అవి రైఫిలు తూటా పేల్చునవి. సరిహద్దున నిలుచు సిపాయికి అదియే తగును. అతని ప్రక్కవాని రైఫిలుతూటా యతనికిని పనికివచ్చును. ఆ యెంపికపై మాకు తగవు లేదు.

మా తగవు పోలీసుల విషయమున. సైన్యము కొన్నదని పోలీసుశాఖయు ఆ వరుసనే నిలుచునేమో యని మా భయము. రైఫిలు తూటా పొడవు గొట్టముకొఱకు పుట్టినది. దానిని పొట్టిగొట్టమున పేల్చిన గుండు వేగము తగ్గును; మండని మందు గొట్టపుమూతికడ పెనుమంటయై లేచును; నాలుగుగోడల నడుమ ఆ ధ్వని చెవుల నదరగొట్టును. గుఱితప్పిన గుండు వందలాది మీటరులు పోయి యెవనినో చంపగలదు. కోఠీ సుల్తాన్‌బజారులోనో, బెజవాడ వన్‌టౌనులోనో ఆ దూరములో నెందఱుందురో లెక్కించుకొనుడు.

ఈ రెంటి నడుమ నొక మార్గము మనయొద్దనే యున్నది. పూనా పరిశోధనశాల రూపొందించిన రక్షణకార్బైను 5.56 మిల్లీమీటరుల వ్యాసము, 30 మిల్లీమీటరుల పొడవు గుల్లగల తూటాను పేల్చును. 9 మిల్లీమీటరుల తూటా గుల్ల 19 మిల్లీమీటరులు, రైఫిలుది 45. ఇది వాని నడిమిది. చిన్నగుండు, పెద్దవేగము, పొట్టిగొట్టమునకు దగిన మందు. పాశ్చాత్యులు ఈ యాలోచనతోనే 5.7, 4.6 మిల్లీమీటరుల తూటాలను పుట్టించిరి. మన కార్బైను మూడు కిలోల బరువు, ఒంటిచేత పేల్చుటకు వీలు, నూఱుమీటరులకు పైబడిన ఉపయోగదూరము గలది. సైనికపరీక్షల తుదిఘట్టము 2020 డిసెంబరులో ముగిసినది. హోంశాఖ పరీక్షలలో నంతకుముందే నెగ్గినదని, కొన్ని రాష్ట్రముల పోలీసులు కొనుటకు పూనుకొనుచున్నారని నాడే ప్రకటించిరి. తుపాకి కాన్పూరుది, తూటా పూనా చెంతనున్న ఖడ్కీది.

"9 మిల్లీమీటరుల తూటా లోకమంతట దొరకును, చవుక, ఖడ్కీ తూటా ఒక్కచోటనే దొరకును" అని ప్రతివాదులందురు. ఇది బలమైన మాట. దీనిని త్రోసిపుచ్చుట మా యుద్దేశము గాదు. కాని చవుక తూటాలతో మన కానిస్టేబులు ఏటేట నెన్నిమాఱులు గుఱి యభ్యసించుచున్నాడు? అభ్యాసమే లేనిచోట చవుకతనము ఖజానాకే లాభము గాని అతనికి గాదు. ఒక్క కార్ఖానాపై నాధారపడుట భయమైనచో రెండవ కార్ఖానాను పెట్టుడు. మన రాష్ట్రములలో యంత్రములు లేవా, పనివారు లేరా? అస్మిని చేసిన చేతులు ఆ తూటాను పేల్చు తుపాకిని చేయలేవా?

2008 నవంబరులో బొంబాయి రైల్వేస్టేషనున దుండగులు ఏకే తుపాకులతో చెలరేగిన రాత్రి మన పోలీసుచేత నున్నవి లాఠీలు, పాత .303 రైఫిళ్లు. లాఠీతో నిలిచిన తుకారాం ఓంబ్లే యను పోలీసు ఆ గొట్టమును చేతులతో బట్టుకొని ప్రాణమిచ్చెను. అతని ధైర్యమునకు జేజేలు పలికి, ఆయుధముల పట్టికను మఱచుట మనకు పరిపాటి.

హైదరాబాదు, అమరావతుల హోంశాఖలను మే మడుగునది యిది. క్రొత్త కార్బైనుల ఇండెంటు వ్రాయుటకు ముందు, ఈ మూడు తూటాలను కవచముపై ఏబది, నూఱు మీటరుల దూరమునుండి పేల్చి ఫలితములను ప్రచురింపుడు. ప్రతి కానిస్టేబులునకు ఏటికి ఎన్ని తూటాల అభ్యాసము నిత్తురో చెప్పుడు. ఖడ్కీనుండి ఎన్ని తూటాలు వచ్చునో లిఖితముగ దెప్పింపుడు. పఠనాలయములలో ఈ పత్రికను జదువు పెద్దలు తమ తమ శాసనసభ్యులను గలిసినప్పు డీ మూడు ప్రశ్నలను వారి చేతికిత్తురు గాక. బడ్జెటు సమావేశములలో వానిని జదివి వినిపించు సభ్యు డెవ్వడో చూతము.