దిండు క్రింద బిల్లు

ఈ నెల ఆసుపత్రి ఖర్చుల సంగతి వ్రాస్తున్నాము. రోగిని చూడబోయి ప్రార్థన ముగించి లేవగానే, ప్రక్కనున్నవారు దిండు క్రింద నుండి కాగితాలు తీసి మా చేతికివ్వడం మామూలైపోయింది. మేము చదివింది వేదాంతమే గాని లెక్కలు కాదు. అయినా చదివిపెట్టక తప్పదు.

కొల్లేరు లంకల్లోని మా సంఘ సభ్యుడొకాయన చేపల చెరువు మీద కాపలా ఉంటారు. పిత్తాశయంలో రాళ్లని తెలిసి ఏలూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకువెళ్లారు. కార్డు చూపితే, "ప్రభుత్వం నుండి మాకు డబ్బు రాలేదండీ, కార్డు మీద చేర్చుకోవడం లేదు" అన్నారు. భార్య మెడలోని గొలుసు తాకట్టు పెట్టారు. మిగతాది చెరువు ఆసామి ఇచ్చాడు. అది నెలనెలా జీతంలో కోత పడుతోంది. బిల్లులో ఆపరేషను ఒక్క వరుస, తక్కినవి రెండు పేజీలు. చివర "ఇతరములు" అని పెద్ద మొత్తం. అవేమిటని కౌంటరులో అడిగాము. "అవి ఇతరములేనండీ" అన్నారు.

ఈ మాట ఒక డాక్టరుగారితో అన్నాము. వారు బీదలను ఎన్నోసార్లు ఉచితంగా చూచినవారే. "అయ్యగారూ, ప్రభుత్వం రేట్లు కట్టడి చేయడం మానితే పోటీ వచ్చి అవే తగ్గుతాయి" అన్నారు.

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టులో అది నిజమే. నాలుగు కొట్లు తిరుగుతాము, పాయ నొక్కి చూస్తాము, బేరం కుదరకపోతే వచ్చేస్తాము. అర్ధరాత్రి గుండెనొప్పి వచ్చినవాడు ఎన్ని కొట్లు తిరుగుతాడు? 2020 డిసెంబరులో ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోయారు. అయిదువందల మందికి పైగా జబ్బుపడ్డారు. ఆనాడు రేటు అడిగి వెళ్లినవాడెవడు? అందరూ పరుగెత్తింది ప్రభుత్వాసుపత్రికే.

అమెరికాలో కొన్ని రాష్ట్రాలు ఆసుపత్రి రేట్లను తామే నిర్ణయించి, తరువాత వదిలేశాయి. మసాచుసెట్స్ 1991లో, న్యూజెర్సీ 1992లో వదిలాయి. ఖర్చు నిలువక మసాచుసెట్స్ మళ్లీ 2012లో, వైద్యవ్యయం ఏటా ఇంతకు మించి పెరగరాదని లక్ష్యం పెట్టుకుంటూ చట్టం చేసింది. మేరీల్యాండ్ మాత్రం 1970ల నుండి రేట్లను చేతిలోనే ఉంచుకుంది. మన దేశంలో గుండెకు వేసే మందుపూత స్టెంటుకు 2017 ఫిబ్రవరిలో 29,600 రూపాయల గరిష్ఠ ధర పెట్టారు. అంతకుముందు దానికి లక్ష దాటి కట్టినవారు ఉన్నారు.

అయితే డాక్టరుగారి మొర వట్టిది కాదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో ఒక్కొక్క చికిత్సకు చేర్చుకున్నది మొదలు ఇంటికి పంపేవరకు ఒకటే ప్యాకేజీ. 2020 జనవరి 3న మన ఏలూరులోనే దానిని 2,059 చికిత్సలకు పెంచుతూ, వెయ్యి రూపాయలు దాటిన వైద్యమంతా ఇందులోకి తెచ్చారు. సంతోషమే. కాని రేటు కట్టి, ఆ డబ్బు నెలల తరబడి ఇవ్వకపోతే ఆసుపత్రి జీతాలెలా ఇస్తుంది? ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్న ఈ పథకం క్రింద, బకాయిల కోసం 2025 అక్టోబరులో ప్రైవేటు ఆసుపత్రులు సేవలు ఆపాయి. మన లంకవాసి గొలుసు పోయింది ఇటువంటి బకాయి దగ్గరే.

మంచి సమరయుడు పూటకూళ్లవానికి రెండు దేనారములు ఇచ్చి, పైన ఖర్చయితే తిరిగి వచ్చి తీరుస్తానన్నాడు. ముందుగా కొంత చేతిలో పెట్టాడు, మిగతాదానికి మాట ఇచ్చాడు. మన ప్రభుత్వాలు మాట దగ్గరే ఆగిపోతున్నాయి.

కంటిపొర ఆపరేషను వంటివాటిలో, ఆలోచించుకునే వ్యవధి ఉన్నచోట, రేటును కొంత సడలించినా పెద్ద నష్టముండదని మాకు తోస్తుంది. ప్రాణం మీదికి వచ్చినచోట సడలించకూడదు. సడలించవలసింది చెల్లింపుల ఆలస్యాన్ని.

మీరు మాత్రం కార్డు లేదన్నచోట గొలుసు తీసేముందు ఆరోగ్యమిత్ర ఎవరని అడగండి, 104కు ఫోను చేయండి. చేరకముందే ఎంతవుతుందో కాగితం మీద వ్రాయించుకోండి. "ఇతరములు" అని ఉంటే అవేమిటో కూడా వ్రాయమనండి.