పటమును వస్తువును

మనస్సు ప్రపంచమును నేరుగా ఎరుగదనియు, ప్రపంచముయొక్క పటములను మాత్రమే ఎరుగుననియు చెప్పు సిద్ధాంతము చిరకాలముగా గౌరవము పొందుచున్నది. ఐరోపాలో జాన్ లాక్ దీనికి పెద్దదిక్కు. మన దేశమున సౌత్రాంతికులు, జ్ఞానము వస్తువుయొక్క ఆకారమును ధరించుననియు, ఆ ఆకారమును బట్టి వస్తువును అనుమానింపవలసినదే యనియు వాదించిరి. వినుటకిది వినయముగల మాట. కాని పటమును తప్ప మరొకదానిని చూడనివాడు, అది దేనికి పటమో ఎట్లు తెలిసికొనును?

1710లో బర్క్లీ ఈ ప్రశ్ననే వేసి, బాహ్యవస్తువునే తీసివైచెను. ఆయనకు వెయ్యేండ్లకు పైగా పూర్వమే దిఙ్నాగుడు 'ఆలంబనపరీక్ష'లో ఇంకను సూక్ష్మముగా తర్కించెను. జ్ఞానవిషయము జ్ఞానమునకు కారణము కావలెను, దానియందు భాసింపవలెను. పరమాణువులు కారణములైనను భాసింపవు. వాని సముదాయము భాసించినను వాస్తవము కాదు. కావున విషయము జ్ఞానములోనిదే. 7వ శతాబ్దమున హ్యూన్‌త్సాంగ్ ఆంధ్రదేశమును వర్ణించుచు ఈ ఆచార్యుని ప్రస్తావించెను. తెలుగువారు ఈ వాదమును పరాయిదని త్రోసివేయ వీలులేదు, ఎదుర్కొనవలసినదే.

ఎదుర్కొనుటకు ఒక వీధి చాలును. ఢిల్లీలోని ఓల్డ్ రాజిందర్ నగర్ దేశవిభజన శరణార్థులకై వెలసిన కాలనీ. నేడు సివిల్ సర్వీసు పరీక్షార్థుల నివాసము. తెలుగు యువకులును అచ్చటికి పోవుచున్నారు. తత్త్వశాస్త్రమును ఐచ్ఛికముగా తీసికొన్నవారికి లాక్, బర్క్లీ, బౌద్ధులు అందరును పరీక్షాంశములే. ఆ వీధిలోనే 2024 జూలై 27న వాననీరు ఒక శిక్షణసంస్థ నేలమాళిగలోనికి చొచ్చుకొనివచ్చి, ముగ్గురు విద్యార్థులు మరణించిరి. అనుమతిపత్రముల ప్రకారము ఆ నేలమాళిగ సామాను నిల్వకును వాహనములకును ఉద్దేశింపబడినది. వాస్తవమున అది గ్రంథాలయము. అచ్చట అనుమతి లేకుండ తరగతులు నడుచుచున్నవని ఒక పరీక్షార్థి జూన్ నెలలోనే ప్రభుత్వమునకు ఫిర్యాదు చేసియుండెను.

ఒకే గదికి రెండు పటములు: అనుమతిపత్రము, ఫిర్యాదు. ఒకటి తప్పు, ఒకటి ఒప్పు. అన్నియు పటములే యైనచో ఈ తారతమ్యము ఎక్కడినుండి వచ్చెను? గదినుండియే వచ్చెను. పూర్వవాసనల పరిపాకమే అట్లు తోపించినదని విజ్ఞానవాది చెప్పవచ్చును. కాని అధికారి వాసన కొకటి, పరీక్షార్థి వాసన కొకటి తోచినప్పుడు, వారిలో ఎవరు పొరపడిరో తీర్చునది మూడవ వాసన కాదు. తలుపు తీసి చూచుటయే తీర్చును.

జ్ఞానము ద్వారా తెలిసికొనుట వేరు, జ్ఞానమునే తెలిసికొనుట వేరు. కళ్ళజోడు పెట్టుకొన్నవాడు అక్షరములను చదువును గాని అద్దములను చదువడు. అందుచేతనే వాత్స్యాయనుడు న్యాయభాష్యారంభముననే, సఫలమైన ప్రవృత్తిచేత ప్రమాణము సార్థకమగునని స్థాపించెను. దప్పిగొన్నవాడు ఎండమావికడకు పోయి మోసపోవును, చెరువుకడకు పోయి దాహము తీర్చుకొనును. పోనివానికి రెండును ఒకటే.

దిఙ్నాగుని వంటి మహామేధావిని ఒక కార్యాలయపు అలసత్వమునకు బాధ్యుని చేయుట అన్యాయము. కాని గదిని చూడక పత్రమును చూచి తృప్తిపడు ప్రతి కార్యాలయమును, తెలియకయే, ఆయన వాదము నాచరించుచున్నది. ఆ గదిలో చదువుకొన్నవారు రేపటి అధికారులు కావలసినవారు. పటమును వస్తువుకడకు తీసికొనిపోయి సరిచూచుట ఏ పరీక్షకైనను మొదటి పాఠము. ఆ పాఠమును వారికి నేర్పవలసిన పెద్దలే దానిని నేర్వలేదు.