అద్దె అగ్రిమెంటులో వరద సంగతీ రాయాలి

సంపాదకుల వారికి,


ఇంటర్, డిగ్రీ ఫలితాలు రాగానే మన రెండు రాష్ట్రాల పిల్లలు సీఏకీ, సివిల్స్‌కీ ఢిల్లీ రైలెక్కుతారు. కొందరు మా లక్ష్మీ నగర్‌కే వస్తారు. గది చూసేటప్పుడు వాళ్లు అడిగేవి, ఊరి నుంచి అమ్మానాన్నలు ఫోన్లో అడిగేవి రెండే: అద్దె ఎంత, మెట్రో ఎంత దూరం. వానొస్తే నీళ్లొస్తాయా, మే నెలలో ఆ గదిలో మనిషి ఉండగలడా అని అడిగేవాళ్లు అరుదు. కొత్త ఊళ్లో ఏం అడగాలో ఎవరికి తెలుస్తుంది? తెలిసినవాళ్లే చెప్పాలి. చెప్పి తీరాలని చట్టమూ ఉండాలి.

మా పేట యమున తూర్పు ఒడ్డున, ఇక్కడివాళ్లు పుష్తా అనే కరకట్టకు ఇవతల ఉంది. కట్ట ఉందిలే అన్నదే అందరి ధీమా. 2023 జూలై 13న పాత రైల్వే వంతెన దగ్గర యమున 208.66 మీటర్లకు చేరింది. అక్కడ ప్రమాద స్థాయి 205.33. 1978 నాటి 207.49 మీటర్ల రికార్డు ఆ వారంలో చెరిగిపోయింది. 2025 సెప్టెంబరులో నది మళ్లీ 207 మీటర్లు దాటింది. అయితే ప్రాణం తీయడానికి నది కట్ట దాటి రానక్కర్లేదు. 2010 నవంబరు 15 సాయంత్రం ఇక్కడి లలితా పార్క్‌లో అయిదంతస్తుల భవనం కూలి 60 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది పొట్ట చేతపట్టుకుని వచ్చి అద్దెకున్న కూలీలు. కట్టడంలోనే లోపాలున్నాయన్నారు. ఆ ఏటి వానలకు సెల్లార్‌లో నీళ్లు నిలిచి పునాది నానిందని కూడా అప్పుడు బయటికొచ్చింది. వానలు వెనకబట్టి, ఎవరూ నీళ్ల గురించి ఆలోచించని నెలలో అది కూలింది. 2024 జూలై 27న ఓల్డ్ రాజిందర్ నగర్‌లో కోచింగ్ సెంటర్ సెల్లార్‌లోకి వాననీరు దూసుకొచ్చి ముగ్గురు విద్యార్థులు చనిపోయిన సంగతి మీ పాఠకులు మరిచిపోయి ఉండరు.

కింద నీళ్లయితే, పైన ఎండ. డాబా మీద వేసిన బర్సాతీ గది అద్దె తక్కువని పిల్లలు అక్కడ దిగుతారు. 2024 మే 29న ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ వాతావరణ కేంద్రంలో 46.8 డిగ్రీలు నమోదైంది. 79 ఏళ్లలో అంత ఎండ లేదు. జూన్ 19న కనిష్ఠ ఉష్ణోగ్రతే 35.2. రోజంతా కాగిన స్లాబు కింద, రాత్రి కూడా చల్లబడని గాలిలో, పరీక్షకు చదవాల్సిన పిల్ల ఎలా నిద్రపోతుంది?

నా వాదన ఇక్కడే ఉంది. ఈ పేటలో చవక గదులు అన్నిటికన్నా కిందివి, అన్నిటికన్నా పైవి. అంటే వానకీ ఎండకీ ఓనరు ముందే వెల కట్టి అద్దె తగ్గించాడన్నమాట. ఆ లెక్క ఓనరుకు తెలుసు, బ్రోకరుకు తెలుసు. డబ్బు కట్టేవాడికి ఒక్కడికే తెలియదు. పైగా ఇక్కడి అగ్రిమెంట్లు 11 నెలలవి. శీతాకాలంలో దిగినవాడికి గోడ పొడిగానే కనిపిస్తుంది. జూలైలో మోకాటి లోతు నీళ్లు చూసినవాడు గది ఖాళీ చేసి పోతాడు, వాడితోపాటే ఆ కబురూ పోతుంది. మరుసటి ఏడు మరో కుర్రాడు అదే గదికి అడ్వాన్సు కడతాడు.

ఇది ఒక్క ఢిల్లీ బాధే కాదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడ సింగ్ నగర్‌ను ముంచినప్పుడు, 2005లోనూ ఆ ఏరు ఊరి మీద పడిందని తర్వాత వచ్చి చేరిన అద్దె కుటుంబాలకు ఎవరు చెప్పారు?

మనవాళ్లు వేలల్లో ఉన్న టెక్సస్‌లో 2022 నుంచి చట్టం మారింది. ఇల్లు వరద ముంపు ప్రాంతంలో ఉందా, గత అయిదేళ్లలో నీట మునిగి దెబ్బతిన్నదా అన్నది ఓనరు అద్దెకొచ్చేవాళ్లకు రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకుండా ఇచ్చాక వరదొచ్చి సామాను బాగా నష్టపోతే, అద్దెదారు ఒప్పందం రద్దు చేసుకుని వెళ్లిపోవచ్చు. 2021లో మన కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలోనూ వరద మాట ఉంది. కాకపోతే అది విపత్తు వచ్చాక అద్దెదారును ఎన్నాళ్లు ఉండనివ్వాలన్న సంగతి. రాకముందు చెప్పాల్సిన సంగతి అందులో లేదు.

చెబితే గదులు ఎవరూ తీసుకోరు, ఉన్న గదుల అద్దె ఇంకా పెరుగుతుంది అనే ఓనర్లున్నారు. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. చవక గది లేకపోతే చదువే మానుకోవాల్సిన పిల్లలున్నారు. కానీ తెలిసి సెల్లార్‌లో దిగినవాడు కనీసం పుస్తకాలు ఎత్తున పెట్టుకుంటాడు, కరెంటు మీటరు ఎక్కడుందో చూసుకుంటాడు, రెండో దారి ఉందో లేదో అడుగుతాడు, గట్టి వాన పడిన రాత్రి స్నేహితుడి గదికి పోతాడు.

చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఢిల్లీలోని ఆంధ్ర, తెలంగాణ భవన్లు, ఇక్కడి తెలుగు సంఘాలు కలిసి ఒక పుస్తకం పెట్టవచ్చు: ఏ గల్లీలో ఏ ఏడు నీళ్లు ఎంత ఎత్తు నిలిచాయి, ఏ డాబా గదిలో ఎండాకాలం ఉండలేకపోయారు అని, ఖాళీ చేసి వెళ్లే పిల్లల చేతే రాయించాలి. మీ పత్రిక వచ్చే మే నెలలోపు ఈ మాట ఆ భవన్ల అధికారుల ముందు పెట్టి, వాళ్లిచ్చిన జవాబు ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
లక్ష్మీ నగర్, ఢిల్లీ