వాంగ్మూలంతో పాటు వైద్యం కూడా హక్కే

కాలిన గాయాలతో ఒక స్త్రీని ఆసుపత్రికి తెచ్చారనగానే పోలీసులూ, ఇరువైపుల బంధువులూ ఎదురుచూసేది మరణ వాంగ్మూలం కోసం. స్టవ్ పేలిందంటుందా, కిరోసిన్ పోశారంటుందా? కేసుకు అది అవసరమే, కాదనను. కానీ ఆమె చావు ముందే ఖాయమైనట్టు ఆ పేరులోనే ఉంది. ఆమె సాక్షే కాదు, బతకవలసిన మనిషి కూడా.

కాలిన గాయం చర్మంతో ఆగదు. ఒళ్లు బాగా కాలినప్పుడు రక్తనాళాల్లోంచి నీరూ లవణాలూ బయటికి ఊరిపోతాయి. బి.పి. పడిపోతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. తర్వాత ఊపిరితిత్తులు, గుండె. మొదటిరోజు మాట్లాడిన మనిషి నాలుగు రోజులకు పోవడం మనకు తెలియనిది కాదు.

అవయవాలను కాపాడే మొదటి మందు ఖరీదైనదేం కాదు. రింగర్ లాక్టేట్ అనే మామూలు సెలైన్. బాగా వాడుకలో ఉన్న పార్క్‌లాండ్ లెక్క ప్రకారం కిలో బరువుకు, కాలిన ఒక్కో శాతానికి 4 మిల్లీలీటర్లు. 50 కిలోల స్త్రీకి 40 శాతం కాలితే 24 గంటల్లో సుమారు 8 లీటర్లు. అందులో సగం మొదటి 8 గంటల్లోనే ఎక్కించాలి. ఆ గంటలు లెక్కపెట్టేది కాలిన క్షణం నుంచి, ఆసుపత్రిలో చేర్చినప్పటి నుంచి కాదు. గంటగంటకూ మూత్రం కొలిచి సెలైన్ పెంచాలి, తగ్గించాలి. ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. కడుపులో పుండు పడకుండా మందివ్వాలి. కొత్త మందులన్నీ పనిచేస్తాయనీ లేదు. ఎంతో ఆశపెట్టుకున్న గ్లుటమిన్ వల్ల ప్రయోజనం లేదని 2022లో ఒక పెద్ద పరిశోధన తేల్చింది. వేళకు ఎక్కే సెలైన్‌కు సాటి లేదు.

మరి ఆ మందులు తెచ్చేదెవరు? స్టాకు లేదంటూ డాక్టరు రాసిన చీటీ తరచు భర్త చేతికో, మామ చేతికో వెళ్లడం నేను వార్డుల్లో చూశాను. ఎవరి మీద ఆమె వాంగ్మూలం ఇస్తుందో, వాళ్ల చేతుల్లోనే ఆమె ప్రాణం! ఇంతకంటే ఘోరం ఏముంటుంది?

పోలీసు లాంఛనాల కోసం వైద్యం ఆపకూడదని 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అత్యాచార, యాసిడ్ దాడి బాధితులకు ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నీ వెంటనే ఉచితంగా వైద్యం చేయాలని 2013లో చట్టం వచ్చింది. ఇప్పుడది నాగరిక సురక్షా సంహితలో 397వ సెక్షను. నిప్పుతో కాల్చిన స్త్రీ ప్రస్తావన అందులో విడిగా లేదు. యాసిడ్‌కు ఒక న్యాయం, కిరోసిన్‌కు మరొకటా?

ఆ సెక్షనులో కాలిన స్త్రీలను స్పష్టంగా చేర్చాలని మనం అడగాలి. మందుల చీటీ నిందితుల చేతికి ఇవ్వకూడదని ఆసుపత్రులకు ఆదేశాలు రావాలి. అంతవరకూ వార్డుకు వెళ్లిన ప్రతి కార్యకర్తా రెండు ప్రశ్నలు వేయాలి. వాంగ్మూలం తీసుకున్నారా? సెలైన్ ఎన్ని గంటలకు మొదలుపెట్టారు, ఎంత ఎక్కింది?