వెబ్ కోడింగుకు నిఘంటువులున్నాయి, పెద్దబాలశిక్ష ఏది?



తమిళనాట తెలుగు చదువు మాట ఎత్తినప్పుడల్లా మనకు ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "తెలుగు చదివితే కంప్యూటరు ఉద్యోగం వస్తుందా?" తమిళాన్ని తప్పనిసరి మొదటి భాషగా చేసిన 2006 నాటి చట్టంతో బడిలో తెలుగుకున్న చోటు ఇరుకైంది. ఈ ప్రశ్నతో ఇంటిలో ఉన్న చోటు కూడా ఇరుకవుతున్నది. ఇండూరు మొదలుకొని హోసూరు దాకా బెంగళూరు కొలువుల వైపు చూసే తెలుగిళ్లలో ఈ మాట వినపడని రోజు లేదు. కనుక దీనికి సమాధానం కవిసమ్మేళనాల వేదిక మీద కాదు, కోడింగు రంగంలోనే చెప్పాలి. అందుకే పిల్లల చేతికి మనం అందిస్తున్న వెబ్ కోడింగు ఆకరగ్రంథాల మంచిచెడ్డలను నేడు విచారించదలచాను.

ముందు మంచినే చెప్పుకుందాం. హెచ్‌టీఎంఎల్‌లో నూటికి పైచిలుకు మూలకాలున్నాయి. సీఎస్‌ఎస్ లక్షణాల సంఖ్య అంతకు ఎన్నో రెట్లు. వీటినన్నింటినీ తలలో పెట్టుకొని తిరగడం ఎవరికీ సాధ్యం కాదు, అవసరమూ లేదు. ఏ లక్షణం ఏ విలువలను స్వీకరిస్తుందో, ఏ బ్రౌజరు దానిని గుర్తిస్తుందో ఒక్క చూపులో చెప్పే గ్రంథం పనివాని పక్కన ఉండవలసిందే. నిఘంటువు లేని పండితుని ఇల్లు ఎట్టిదో, ఆకరగ్రంథం లేని కోడరు బల్ల అట్టిదే. ఇందులో నాకు వివాదం లేదు.

వివాదం ఎక్కడంటే, నిఘంటువును వాచకంగా చేసి పిల్లవాని నెత్తిన పెట్టడంలో. అమరకోశం వల్లించినవాడల్లా కవి కాలేదు. శబ్దాలు తెలియడం వేరు, వాక్యం కట్టడం వేరు. ఆకరగ్రంథం అడిగినదానికి బదులు చెబుతుంది. ఏమి అడగాలో అది నేర్పదు. ఏమి అడగాలో తెలియని పదమూడేళ్ల బిడ్డకు లావుపాటి పుస్తకమిచ్చి "ఇందులో అన్నీ ఉన్నాయి" అంటే, ఈతరాని వానికి చెరువు చూపి "ఇందులో నీళ్లున్నాయి" అన్నట్లే.

రెండవ లోపం కాలదోషం. 1999 డిసెంబరులో వెలువడిన హెచ్‌టీఎంఎల్ 4.01ను అనుసరించిన పుస్తకాలు అక్షరాల రంగుకు, పరిమాణానికి ఫాంట్ ట్యాగును చూపేవి. 2014లో ప్రమాణమైన హెచ్‌టీఎంఎల్5 దానిని తోసిపుచ్చింది. నేడు ఆ ప్రమాణానికి కూర్పు సంఖ్యే లేదు. అది ఎప్పటికప్పుడు మారుతుండే సజీవ ప్రమాణం. డేవిడ్ ఫ్లానగన్ రాసిన జావాస్క్రిప్ట్ గ్రంథం సంగతి చూడండి. 2011 నాటి ఆరవ కూర్పు వెయ్యి పుటలు దాటింది. 2020 నాటి ఏడవ కూర్పుకు వచ్చేసరికి రచయితే ఆకర విభాగాన్ని తీసివేసి, అది అంతర్జాలంలో చూసుకోదగినదని చెప్పాడు. గ్రంథకర్తే దించుకున్న బరువును మనం పిల్లల చేత మోయించడం ఏమి న్యాయం?

ఇక మూడవ లోపం, మన గుండెకు తగలవలసినది. ఈ గ్రంథాలలో "అక్షరం" అంటే ఆంగ్ల అక్షరమే. జావాస్క్రిప్ట్ అభ్యాసాలలో తరచుగా కనిపించే లెక్క ఒకటుంది: ఒక పదాన్ని తిరగవేసి, ముందునుండి చదివినా వెనుకనుండి చదివినా ఒకటేనా అని పరీక్షించడం. మన బిడ్డ ఏ పదం ఇస్తాడు? "వికటకవి" ఇస్తాడు. తెనాలి రామకృష్ణుని కథ విన్న ప్రతి తెలుగు బిడ్డకూ తెలిసిన పదమది. పుస్తకంలోని పద్ధతిని తు.చ. తప్పక పాటిస్తే యంత్రం "కాదు" అంటుంది! ఎందుకంటే యూనికోడులో "వి" ఒక సంకేతం కాదు. వకారం ఒకటి, గుడి ఒకటి. తిరగవేసినప్పుడు గుడి ముందుకు వచ్చి, ఆనుకోవడానికి హల్లు లేక చుక్కల వలయం మీద వేలాడుతుంది. అట్లే "స్త్రీ" పొడవు ఎంత అని అడిగితే యంత్రం ఆరు అంటుంది. ఛందస్సు చదివిన బిడ్డ ఒకటి అంటాడు. ఎవరిది ఒప్పు?

బిడ్డదే ఒప్పు. యంత్రానికి కూడా అది నేర్పవచ్చు. ఇంటల్ సెగ్మెంటర్ అనే సాధనం 2020 నుండి క్రోమ్‌లోను, 2024 నుండి ఫైర్‌ఫాక్స్‌లోను ఉంది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 నియమాలు తెలుగు సంయుక్తాక్షరాన్ని విడదీయకుండా ఒకటిగా లెక్కించమంటున్నాయి. అయితే ఈ సంగతి చెప్పేవారు లేనందువల్ల బిడ్డ ఏమనుకుంటాడు? "నా భాషలోనే ఏదో లోపముంది" అనుకుంటాడు. నేను భయపడేది ఇందుకే. ఒక్క అభ్యాసం తప్పినందుకు కాదు, ఆ తప్పు తెలుగు మీద పడినందుకు.

"కోడు ఆంగ్లమే కదా, తెలుగు వివరణ దేనికి?" అనే పెద్దలున్నారు. కోడులోని ఆంగ్లం గుప్పెడు మాటలు. వాటిని ఎందుకు, ఎప్పుడు, ఏ వరుసలో వాడాలన్నదే చదువు. అది తెలిసిన భాషలో చెబితేనే తలకెక్కుతుంది. జపాను, కొరియా, చైనా వారు అదే కోడును తమ భాషలలో నేర్చుకుంటున్నారు. మొజిల్లా వారి ఎండీఎన్ ఆకరపత్రాలు ఆ మూడు భాషలలోను లభిస్తున్నాయి, తెలుగులో లేవు. 1998 నాటి సీఎస్‌ఎస్2 జాబితా సంఖ్యలకు జార్జియా, ఆర్మీనియా లిపులు చోటు పొందాయి. తెలుగు అంకెలు ఆ పట్టికలో లేవు, తరువాతనే చేరాయి. అడిగినవారికే పీట వేస్తారు. మన పొరుగున తమిళులు 1999లోనే చెన్నైలో సదస్సు జరిపి మీటల అమరికను తేల్చుకున్నారు. వారిని చూసి ఈర్ష్యపడి లాభం లేదు, నేర్చుకోవాలి.

ఆంగ్ల గ్రంథాన్ని తెలుగులోకి దించుకున్నా చాలదు. 19వ శతాబ్దంలో చెన్నపట్నంలో అచ్చయిన పెద్దబాలశిక్ష నిఘంటువు కాదు. అక్షరంతో మొదలుపెట్టి లోకజ్ఞానం దాకా బిడ్డను వేలుపట్టి నడిపింది. వెబ్ కోడింగుకు అటువంటిది నూరు పుటలలో కావాలి. పుటకు తెలుగు భాషా సంకేతం టీ, ఈ అని ప్రకటించడం మొదటి పాఠం కావాలి. కింద ఒత్తులు, పైన గుడులు గల లిపికి పంక్తుల నడుమ ఎంత ఎడం కావాలో రెండవ పాఠం చెప్పాలి. పెద్దక్షరాలు, చిన్నక్షరాలు మార్చే లక్షణం మనకు పనికిరాదని అందులో స్పష్టంగా ఉండాలి. "వికటకవి" లెక్క తప్పక ఉండాలి.

కంప్యూటరు తెలిసిన తెలుగు ఉపాధ్యాయుడు, తెలుగు తెలిసిన కోడరు కలిసి కూర్చుంటే ఇది ఒక వేసవి సెలవులలో తేలే పని. తలా ఒక పాఠం రాయండి, తరగతిలో పరీక్షించండి, పిల్లలు తడబడినచోట దిద్దండి. వికటకవిని వికటకవే అని యంత్రం చేత ఒప్పించిన బిడ్డ, తెలుగు ఎందుకు పనికొస్తుందని మరల అడగడు.